జోట్రోప్ లాగ్ 6: కప్పకి నాలుగు కళ్ళు

జోట్రోప్ అంటే గుండ్రంగా తిరిగే వరస బొమ్మలు కదులుతున్నట్టు కనిపించే ఆటవస్తువు; నాది 12 క్లే కప్పల డిస్క్, ఫ్లాష్ లైటు కింద తిరుగుతుంటే కప్ప గెంతినట్టు కనిపించాలి. ఫ్లాష్‌లు పెంచినా లైటు కొట్టుకోవడం ఎందుకు తగ్గట్లేదో ఆదివారం రాత్రి పన్నెండు దాటాక దొరికింది! మూడు వారాలుగా నా బుర్ర తినేసిన సమస్య ఇది, అందుకే విడమరిచి రాస్తున్నా.

12 కప్పలూ ఫెవిక్రిల్ మౌల్డిట్‌తో అయిపోయాయి, ఒక్క పగులు లేదు, ఇంక వేరే క్లే జోలికి పోను. బొమ్మలు మెల్లగా పక్కకి జరిగిపోవడం కూడా పోయింది, టైమర్ తీసేసి, డిస్క్ రంధ్రాల్ని పసిగట్టే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) సెన్సార్‌తో ఫ్లాష్ కొట్టిస్తున్నా.

ఇప్పుడు అసలు గొడవ. కప్పల రింగ్ వ్యాసం 28 సెం.మీ., సెకనుకి ఒక చుట్టు, అంటే 12 ఫ్లాష్‌లు. కప్ప గెంతడం చక్కగా కనిపిస్తోంది కానీ లైటు టపటపా కొట్టుకుంటుంటే కళ్ళు లాగేస్తున్నాయి, ఓరకంటితో చూస్తే ఇంకా ఎక్కువ. రీల్ ప్రొజెక్టర్‌లో ఫ్రేములు సెకనుకి 24 అయినా వెలుగుని అడ్డుకుంటూ తిరిగే షట్టర్‌కి రెండు రెక్కలుంటాయి కాబట్టి ఒక్కో ఫ్రేమూ రెండుసార్లు పడి తెర 48 సార్లు వెలుగుతుంది కదా, నేనూ అదే చేద్దామని ఒక్కో కప్పకి రెండు ఫ్లాష్‌లు సమానమైన గ్యాప్‌తో పెట్టా. 24 కప్పలు కనిపించాయి! అన్నీ వెనక గోడ కనిపించేంత పల్చగా. ఫ్లికర్ (లైటు టపటపా కొట్టుకోవడం) మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

ముందు మోటార్ ఊగుతోందేమో అనుకున్నా, బేరింగ్ మార్చా. తర్వాత లైటుని వేసి ఆర్పే ఎలక్ట్రానిక్ స్విచ్ మోస్‌ఫెట్ ఆలస్యంగా ఆగుతోందేమో అని అదీ మార్చా. ఫ్లాష్ 1 మిల్లీసెకనే, అంచు సెకనుకి 88 సెం.మీ. తిరుగుతుంది కాబట్టి చెదిరేది 0.9 మి.మీ. కూడా కాదు. చివరికి ఫోన్‌లో 240 ఫ్రేముల స్లో మోషన్ తీశా. ఫోన్ కెమెరా ఫ్రేమంతా ఒకేసారి కాక వరసలుగా తీస్తుంది (రోలింగ్ షట్టర్) కాబట్టి పట్టీల్లాగే వెలిగింది గానీ అదే చాలు: ఒక ఫ్లాష్‌కి కప్ప పెన్సిల్ గీత మీద ఉంది, రెండో ఫ్లాష్‌కి సరిగ్గా 15 డిగ్రీలు ముందుకెళ్ళిపోయింది. ప్రొజెక్టర్‌లో ఆ రెండు వెలుగులూ పడేటప్పుడు ఫిల్మ్ వెలుగు పడే చోటైన గేట్‌లో కదలకుండా నిలబడి ఉంటుంది, నా డిస్క్ ఆగదు! ఏ చోటు చూసినా ఒక ఫ్లాష్‌కి కప్ప, ఇంకో ఫ్లాష్‌కి ఖాళీ, అంటే ఒక్కో చోట మళ్ళీ అదే 12.

రెండు ఫ్లాష్‌లూ 5 మిల్లీసెకన్ల తేడాతో కొట్టినా లాభం లేదు, 4.4 మి.మీ. జరిగి కప్పకి నాలుగు కళ్ళొచ్చాయి. 2 మిల్లీసెకన్లకి ఉత్త మసకే.

నాకు బాగా అర్థమైంది ఏంటంటే కదలిక వేరు, ఫ్లికర్ వేరు. బొమ్మ కంట్లో సెకనులో 16వ వంతు నిలిచిపోతుంది కాబట్టే సినిమా కదులుతుందని బళ్ళో చెప్పారు, ఆ వివరణ నాకు అస్సలు నచ్చదు, నిజంగా నిలిచిపోతే పాత కప్ప మీద కొత్త కప్ప పడి కలగాపులగం అవ్వాలిగా. 1912లో మనస్తత్వ శాస్త్రవేత్త వెర్ట్‌హైమర్ రెండు గీతల్ని వెంటవెంటనే చూపించాడు, గ్యాప్ 60 మిల్లీసెకన్ల దగ్గర ఒకే గీత కదిలినట్టు కనిపించింది, 30 దగ్గర రెండూ ఒకేసారి, 200 దగ్గర ఒకదాని తర్వాత ఒకటి. నా గ్యాప్ 83, అందుకే కదలికకి ఏ లోటూ లేదు, మెదడు దాన్ని అల్లుకుంటోంది. వెలుగు ఆగకుండా ఉన్నట్టు కనిపించాలంటే మాత్రం ఇంకా చాలా వేగం కావాలి.

కాబట్టి డిస్క్ ఆగకపోతే ఫోజునే రెండుసార్లు పెట్టాలి. ఒకే బొమ్మని రెండు ఫ్రేములు చూపించడాన్ని యానిమేటర్లు టూస్ అంటారే, అదే. 12 ఫోజులు, ఒక్కోటి జంటగా 24 కప్పలు, సెన్సార్‌కి 24 రంధ్రాలు. ఒక్కో కప్పకి దాదాపు 3.7 సెం.మీ. చోటే దొరుకుతుంది, ఇప్పుడున్న కప్ప వెడల్పు 4, కాబట్టి అన్నీ మళ్ళీ చెయ్యాలి. 24 దగ్గర కూడా కొంచెం ఫ్లికర్ ఉంటుంది, లైటు తగ్గిస్తే కన్ను అంతగా పసిగట్టదు కాబట్టి డిమ్మర్ పెడతా. ఇలా కొట్టుకునే లైటు ఫిట్స్ వచ్చేవాళ్ళకి ప్రమాదం, వాళ్ళకి చూపించకండి, దయచేసి.

జంటలో రెండు కప్పలూ అచ్చు ఒకేలా రావాలంటే చేత్తో కుదరదు, సిలికాన్ అచ్చు పోయాలి. శనివారం ఒక ఫోజుతో మొదలెడతా.