కరివేపాకు చెట్టు దిద్దిన పొరపాటు

మా పెరట్లోని కరివేపాకు చెట్టు చుట్టూ తిరిగే నల్లని సీతాకోకచిలుకను రెండేళ్ళుగా నా నోటుపుస్తకంలో కామన్ రోజ్ అనే రాసుకుంటూ వచ్చాను. వెనక రెక్కల మీద తెల్లని మచ్చలు, అంచున ఎర్రని చుక్కలు, చివర తోకలు కనబడుతుంటే ఇక అనుమానమెందుకు? మొన్న అది లేత ఆకు మీద గుడ్డు పెట్టడం చూసి ఆగిపోయాను. కామన్ రోజ్ గుడ్లు పెట్టేది ఈశ్వరి తీగ జాతి మొక్కల మీదే తప్ప కరివేపాకు మీద కాదు. దగ్గరికి వెళ్ళి చూస్తే ఒళ్ళంతా నలుపే. అసలైన రోజ్‌కు తల, పొట్ట ఎర్రగా ఉంటాయి. అది కామన్ మార్మన్ జాతి ఆడది. ఈశ్వరి ఆకుల విషాన్ని ఒంటికి పట్టించుకున్న రోజ్ జోలికి పక్షులు పెద్దగా పోవు కనుక, ఏ విషమూ లేని ఈ ఆడది దాని వేషంలో బతికిపోతుంది. మగవాటికి ఆ వేషం లేదు. ఆడవాటిలోనూ కొన్ని మగవాటిలాగే ఉంటాయి, మరికొన్ని క్రిమ్సన్ రోజ్ అనే ఇంకో సీతాకోకచిలుకను పోలి ఉంటాయి. రూపం వేరైనా ఇవన్నీ ఒకే జాతి ఆడవని ప్రకృతి శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ 1865లోనే వివరించాడు. నేనేమో రెక్కలు చూసి మురిసిపోయి ఒంటి రంగు ఎక్కడా రాసుకోలేదు. అందుకే పాత పేజీల్లోని రోజ్‌లన్నిటి పక్కన ఇప్పుడు ప్రశ్నార్థకాలు పెడుతున్నాను.