1867 జాబితాలో ఒక పేరు

అలబామా రాష్ట్రం మాంట్‌గామరీలో మా పక్కింటి పెద్దావిడకి డెబ్బై దాటాయి. నేను మామ్మా అని పిలుస్తాను. వాళ్ళది సెల్మా అవతల ఒక పల్లె. ఒకసారి కారులో అక్కడికి తీసుకెళ్తే ఆ నేల చూసి నాకు కాళ్ళు కదల్లేదు. అచ్చం మా గుంటూరు వైపు నల్లరేగడే. తడిస్తే చెప్పులకి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఆ నల్లమట్టి వల్లే మొదట ఆ ప్రాంతానికి బ్లాక్ బెల్ట్ అన్న పేరు వచ్చింది. అక్కడా పత్తే. దాన్ని పండించింది మామ్మ పూర్వీకులు, బానిసలుగా.

“మా ముత్తాత వరకే నాకు తెలుసు. వాళ్ళ నాన్న పేరేమిటో కనుక్కోగలవా?” అని అడిగింది ఆ రోజు.

ముందు ఇంట్లో ఉన్న పాత బైబిల్ తీశాం. మధ్య పేజీల్లో పుట్టిన తేదీలు పెన్సిల్‌తో రాసి ఉన్నాయి, చాలావరకు చెరిగిపోయాయి. ఫోన్ లైటు పక్కనుంచి వాలుగా పట్టుకుంటే కాగితం మీద పెన్సిల్ నొక్కిన గీతలు పైకి తేలాయి. ముత్తాత పేరు, 1868, వాళ్ళమ్మ పేరు. తండ్రి పేరు ఉండాల్సిన చోట కాగితం చిరిగిపోయింది.

తర్వాత జనాభా లెక్కలు. 1900 లెక్కల్లో పుట్టిన నెల, సంవత్సరం కూడా రాశారు కాబట్టి ముత్తాత వెంటనే దొరికాడు. 1890వి దాదాపు అన్నీ 1921లో వాషింగ్టన్ అగ్నిప్రమాదంతో పోయాయి. 1880కి వెళ్తే అదే పేరుతో, అదే వయసుతో ఇద్దరు పిల్లలు. నేను తొందరపడి ఒకడిని పట్టుకుని రెండు వారాలు ఆ కుటుంబం వెంటే తిరిగాను. తల్లి పేరు బైబిల్‌తో కలవలేదని ఆలస్యంగా చూసుకున్నాను. ఈ పనికి దిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే: మీ మనిషి ఉన్న వరుసతో ఆపకండి, పైన కింద ఇరుగుపొరుగు పేర్లు కూడా చదవండి. రెండో పిల్లాడి చుట్టుపక్కల ఇళ్ళ పేర్లు చదువుతుంటే మామ్మ “వీళ్ళు మా చర్చి వాళ్ళే!” అంది. ఆ ఇంటి యజమాని వరుసలో తండ్రి పేరు దొరికింది. 1870లోనూ ఉన్నాడు, వయసు ఇరవై ఎనిమిది.

అంతకు వెనక్కి పోవడమే కష్టం. 1860 బానిసల పట్టికలో యజమాని పేరు ఉంటుంది, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. మనుషుల పేర్లు రాయలేదు. ఆ పేజీ నేను చాలాసేపు చూశాను. మామ్మకి చూపించడానికి మనసొప్పలేదు, కానీ ఆవిడే అడిగి చూసింది. ఏ వరుస ఆయనదో చెప్పలేం.

అప్పుడు రాష్ట్ర ఆర్కైవ్స్‌లో 1867 ఓటర్ల నమోదు గురించి తెలిసింది. అంతర్యుద్ధం అయ్యాక, విముక్తులైన నల్లజాతి మగవాళ్ళు మొదటిసారి ఓటర్లుగా పేర్లు రాయించుకున్న జాబితా అది. సెల్మా ఉన్న డాలస్ కౌంటీ పేజీల్లో ఆయన పేరు ఉంది. స్పెల్లింగ్‌లో ఒక అక్షరం తేడా, అంతే. మాకు దొరికిన కాగితాల్లో ఆయన పేరున్న మొట్టమొదటిది అదే.

ప్రింట్ తీసి పైకి చదివి వినిపించాను. మామ్మ “ఓటర్ల జాబితానా?” అని రెండుసార్లు అడిగింది. 1901లో రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుని నల్లవాళ్ళ ఓట్లు దాదాపు అన్నీ తీసేసింది. 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాకే వాళ్ళమ్మ పేరు నమోదైంది. ఆ రోజు క్యూలో అమ్మ చెయ్యి పట్టుకుని నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల మామ్మే.

బైబిల్ తెచ్చి, చిరుగు పైన ఉన్న కాస్త ఖాళీలో ఆయన పేరు రాయమంది. నేను పెన్సిల్ తీశాను.

“వద్దు, పెన్నుతో రాయి” అంది.