ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఆదివారాలు

పద్దులు రాసేవారందరికీ తెలిసిన ఒక చిన్న పరీక్ష ఉంది. లెక్కలో తేడా వచ్చినప్పుడు ఆ తేడాను తొమ్మిదితో భాగించి చూస్తాం. శేషం మిగలకపోతే, ఎక్కడో రెండు పక్కపక్క అంకెలు తారుమారై ఉంటాయని ముందుగా అనుమానిస్తాం. 4,530 రాయవలసిన చోట 4,350 రాస్తే తేడా 180 వస్తుంది, అది తొమ్మిదికి ఇరవై రెట్లు. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో పందొమ్మిదేళ్ళుగా లెక్కలు రాస్తున్న నాకు ఈ పరీక్షతో నెలకొకసారైనా పని పడేది కాదు. మూడేళ్ళ క్రితం సీజనులో మాత్రం రోజుకు నాలుగైదు సార్లు చేసుకోవలసి వచ్చింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు యార్డు ఎలా ఉంటుందో చూసినవారికి చెప్పనక్కరలేదు. తెల్లవారకముందే లారీలు వస్తాయి, టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగుతాయి, వేలం, కాటా ఒకదాని వెంట ఒకటి నడుస్తుంటాయి, ఆ ఘాటులో తుమ్ముతూనే తేజ రకం ఎన్ని, బాడిగ రకం ఎన్ని, రంగు పోయిన తాలు కాయ ఎంత అని రాసుకుంటూ పోవాలి. మధ్యాహ్నం నుంచి రాత్రి వరకు ట్యూబులైటు కింద కంప్యూటరు ముందు కూర్చుని రైతులకు తక్‌పట్టీలు (అమ్మకపు లెక్క చీటీలు) సిద్ధం చేయాలి. అక్కడ ఒక అంకె తప్పితే అది కాగితం మీది తప్పుగా మిగిలిపోదు. పల్నాడు నుంచి రాత్రంతా లారీ మీద కూర్చుని వచ్చిన ఒక పెద్దాయన చేతిలో నేను ఒకరోజు తూకం తప్పు వేసిన కాగితం పెట్టాను. ఆయన చదువుకోలేదు గనుక నమ్మి తీసుకుని వెళ్ళారు. సాయంత్రం తేడా పట్టుకున్నాక బస్టాండు దాకా వెళ్ళి ఆయనను వెతికి మిగతా డబ్బు ఇచ్చి వచ్చాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు వచ్చినది మామూలు అలసట కాదని అప్పుడే అర్థమైంది.

అలసట అంటే పడుకుంటే తీరేదని అప్పటివరకు నా నమ్మకం. అందుకే ఆదివారం పది గంటల వరకు లేచేవాడిని కాను, లేచాక మంచం మీదే ఫోను చూస్తూ మధ్యాహ్నం చేసేవాడిని, భోజనం చేసి మళ్ళీ పడుకునేవాడిని. సోమవారం పొద్దున కొట్టు తాళం తీసేసరికి శనివారం సాయంత్రం ఎంత బరువుగా ఉన్నానో అంతే బరువుగా ఉండేవాడిని. డాక్టరు గారు హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, బి12, డి విటమిన్ అన్నీ పరీక్ష చేయించారు. డి విటమిన్ తక్కువగా ఉందని మాత్రలు రాసి, మిగతావన్నీ బాగానే ఉన్నాయన్నారు. ఈ పరీక్షల మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. ఒంట్లో రక్తం తక్కువగా ఉన్న మనిషికి చెరువు గట్టు చూపించడం వైద్యం కాదు. నీరసం వారాల తరబడి వదలనప్పుడు మొదట వెళ్ళవలసినది డాక్టరు దగ్గరికే.

నన్ను ఇంట్లోంచి కదిలించినది మా బావమరిది. అతను బడిపంతులు, పిట్టలంటే ప్రాణం. మార్చి మొదటి వారంలో ఒక శనివారం రాత్రి వచ్చి, "బావా, రేపు పొద్దున్నే ఆరింటికల్లా తయారుగా ఉండండి, ఉప్పలపాడు వెళ్దాం" అన్నాడు. నిద్ర కావాలని నేను ఎంత చెప్పినా వినలేదు. మా ఆవిడ కూడా తమ్ముడి పక్షమే వహించింది.

ఉప్పలపాడు గుంటూరుకు కూతవేటు దూరంలో, పెదకాకాని మండలంలో ఉన్న ఊరు. ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ళ కొంగలు, కంకణాలు (ఐబిస్ పక్షులు), నీటికాకులు గూళ్ళు కట్టుకుంటాయి. పెద్ద అడవేమీ కాదు, పక్కనే ఇళ్ళు, పశువులు, బడికి వెళ్ళే పిల్లలు అన్నీ ఉంటాయి. వేల పిట్టలు కాపురముండే చోటు కనుక రెట్టల వాసన కూడా గట్టిగానే ఉంటుంది, మొదటి పది నిమిషాలు దానికి అలవాటు పడాలి. ఆ తరువాత కళ్ళు తమ పని తాము మొదలుపెడతాయి. రెక్కలు చాపితే ఏడడుగులు దాటే గూడబాతు, వేలెడంత కొమ్మ మీద ఎలా వాలుతుందో చూడాలంటే వాలేంతవరకు చూస్తూ ఉండాలి తప్ప వేరే దారి లేదు. అది దూరం నుంచే కాళ్ళు ముందుకు చాపి, రెక్కలతో గాలిని వెనక్కి నెట్టి, కొమ్మను అందుకుని, రెండు మూడు సార్లు తూలి నిలబడుతుంది. గూట్లో పిల్ల, తల్లి ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపను వెతుక్కుంటుంది. పెద్ద గూడబాతులు దాదాపు నోరెత్తవు, అరుపులన్నీ పిల్లలవే. కొంగలు మాత్రం గూటి దగ్గర ముక్కులు టపటపలాడిస్తాయి.

ఎండ ఎక్కేకొద్దీ మరొక విశేషం కనిపించింది. అప్పటివరకు బరువుగా రెక్కలు కొట్టుకుంటూ ఎగిరిన గూడబాతులు, తొమ్మిది దాటాక గుంపుగా లేచి, రెక్కలు కదపకుండానే చుట్లు తిరుగుతూ పైపైకి పోయాయి. నేల వేడెక్కాక పైకి లేచే వెచ్చని గాలి వాటిని మోస్తుందని, ఆ ఎత్తు నుంచి జారుకుంటూ దూరపు చెరువులకు మేతకు వెళతాయని మా బావమరిది చెప్పాడు. నాలుగైదు కిలోల పక్షి అంత తక్కువ శ్రమతో అంత ఎత్తుకు పోవడం చూస్తూ ఎంతసేపు మెడ ఎత్తి నిలబడ్డానో నాకే తెలియదు. ఫోను తీసి చూస్తే తొమ్మిదిన్నర అయింది. రెండున్నర గంటల సేపు ఫోను గుర్తుకు రాలేదన్న సంగతి, అది చేతిలోకి వచ్చాకే తెలిసింది.

మరునాడు కొట్టులో ఒక్కసారి కూడా తొమ్మిదితో భాగించవలసిన అవసరం రాలేదని చెబితే కథలా ఉంటుంది, కానీ అలా జరగలేదు. రెండుసార్లు వచ్చింది. అయినా నాలుగైదు నుంచి రెండుకు దిగడం నాకు చిన్న విషయంగా తోచలేదు. ఆ వారమంతా దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ కాప్లాన్, రేచల్ కాప్లాన్ అనే దంపతులు ఈ విషయం మీదే దశాబ్దాలు పనిచేసి, 1989లో ఒక సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రకటించారు. పట్టుదలగా ఒక పని మీద నిలిపే శ్రద్ధ వాడేకొద్దీ అరిగిపోతుందని, ప్రయత్నం లేకుండానే కళ్ళను తమవైపు లాక్కునే ఆకులు, నీళ్ళు, మబ్బులు, పక్షుల వంటివి ఆ శ్రద్ధకు విరామం ఇస్తాయని దాని సారాంశం. ఫోను కూడా కళ్ళను లాగుతుంది కదా అని నాకు సందేహం వచ్చింది. ఆలోచిస్తే తేడా తెలిసింది. ఫోను ఒక్కొక్క క్షణం ఒక్కొక్కటి చూపించి ఇది చదువు, ఇది వదిలెయ్యి, దీనికి జవాబివ్వు అని మనచేత నిర్ణయాలు చేయిస్తూనే ఉంటుంది. చెరువు ఏమీ అడగదు.

అదే విశ్వవిద్యాలయంలో 2008లో వెలువడిన ఒక పరిశోధన నన్ను మరింత ఆకట్టుకుంది. విద్యార్థులకు కొన్ని అంకెలు వినిపించి, వాటిని వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. తరువాత ఒకసారి చెట్లతోటలోను, మరొక వారం ఊరి నడిబొడ్డున వీధుల్లోను యాభై నిమిషాలకు పైగా నడిపించి, మళ్ళీ అదే పరీక్ష పెట్టారు. తోటలో నడిచి వచ్చినప్పుడు అంకెలను తిరగేసి చెప్పే శక్తి స్పష్టంగా పెరిగింది, వీధుల్లో నడిచినప్పుడు అంతగా పెరగలేదు. గడ్డకట్టే చలిలో, నడక ఏమాత్రం హాయిగా లేని రోజుల్లో నడిచినవారికి కూడా ఆ మేలు దక్కిందట. అంకెలను తలలో సరైన వరుసలో నిలుపుకోవడమే నా జీవనాధారం. ఆ పరీక్ష నాకోసమే పెట్టినట్టు అనిపించింది.

వెలుతురు సంగతి కూడా ఉంది. మన కంటిలో చూపుకు మాత్రమే కాక, పగలో రాత్రో మెదడులోని గడియారానికి తెలియజేయడానికి ప్రత్యేకమైన కణాలున్నాయి. ట్యూబులైటు కింద మన బల్ల మీద పడే వెలుగు నాలుగైదు వందల లక్సులు (లక్సు అంటే వెలుగును కొలిచే ప్రమాణం) ఉంటే, ఉదయం ఆరుబయట నీడలో కూడా కొన్ని వేల లక్సులు ఉంటుంది. పొద్దున ఆ వెలుగు కంటికి అందితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. ఇక పొద్దుటి లేత ఎండలో డి విటమిన్ దండిగా దొరుకుతుందని మన ఇళ్ళలో అనుకునేది మాత్రం నిజం కాదు. చర్మంలో ఆ విటమిన్ తయారయ్యేందుకు కావలసిన కిరణాలు సూర్యుడు బాగా పైకి వచ్చాకే నేలను చేరతాయి. గుంటూరు ఎండలో ఆ వేళ ఎంతసేపు నిలబడాలన్నది ఎవరి ఒంటిని బట్టి వారు డాక్టరును అడిగి తెలుసుకోవలసిన విషయం.

ఎంతసేపు వెళ్ళాలని నన్ను కొట్టులో చాలామంది అడుగుతారు. ఇంగ్లండులో దాదాపు ఇరవై వేల మందిని అడిగి చేసిన సర్వే ఒకటి 2019లో వెలువడింది. వారానికి మొత్తం 120 నిమిషాలైనా పార్కుల్లోనో, అడవుల్లోనో, సముద్రతీరాల్లోనో గడిపినవారు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పడం ఎక్కువగా కనిపించింది. ఆ సమయం ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా బయటికి వెళతారన్న అనుమానానికి అక్కడ చోటుంది గనుక ఆ అంకెను నేను మందు మోతాదులా పట్టుకోను. కానీ వారానికి రెండు గంటలన్నది పనిచేసుకునే మనిషికి సాధ్యమైన మాట. అందుకే నచ్చింది.

మనలో చాలామంది ప్రకృతి అంటే అరకు, ఊటీ అనుకుంటారు. ఏడాదికి ఒకసారి సెలవు పెట్టి, అప్పు చేసి, మూడు రోజుల్లో ఎనిమిది చోట్లు తిరిగి, వెళ్ళినప్పటికంటే ఎక్కువ అలసిపోయి తిరిగివస్తారు. నేనూ అలా వెళ్ళినవాడినే. ఆ ప్రయాణాలను తప్పుపట్టను గానీ, శ్రద్ధ ప్రతివారం అరిగిపోతుంటే దానికి విరామం ఏడాదికొకసారి సరిపోదు. అరగంటలో చేరుకోగలిగి, చీకటి పడకముందే ఇంటికి రాగలిగిన చోటే మనకు నిజంగా ఉపయోగపడుతుంది. పక్షులు పలచబడే రోజుల్లో మేము రెడ్డిరాజులు ఏలిన కొండవీటి కొండ ఎక్కుతాం. విజయవాడలో ఉండే మా అక్కయ్య ప్రకాశం బ్యారేజీ మీద పొద్దున నడుస్తుంది, దోసెడు కృష్ణ నీళ్ళు ముట్టకుండా ఇల్లు చేరదు. మే నెలలో ఎండల వల్ల ఎనిమిదిలోపే తిరిగి వచ్చేస్తాం.

మిగతా ఆరు రోజుల మాట యార్డులో పనిచేసే ఒక ముఠా కూలీ వల్ల కుదిరింది. క్యారియరు కంప్యూటరు పక్కన పెట్టుకుని, లెక్క చూసుకుంటూ తినడం నా అలవాటు. ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలోంచి చూసి, "గుమస్తా గారూ, గేటు అవతల చెట్టు కింద నీడ ఖాళీగానే ఉందండీ, వచ్చి కూర్చోండి" అన్నారు. అది రావిచెట్టు. చిన్న గాలికే దాని ఆకులన్నీ అదురుతాయి, అన్నం తింటున్నంతసేపూ ఆ చప్పుడు వినిపిస్తుంది. ఘాటు కూడా అక్కడ కాస్త తక్కువే. ఇప్పుడు మేము అయిదుగురం అక్కడే తింటాం. ఫోను కొట్టులోనే వదిలి వెళ్ళాలని మాలో మాకు ఒక కట్టుబాటు.

ఉప్పలపాడు వెళ్ళేవారికి ఒక విన్నపం. గూళ్ళున్న చెట్ల వైపు రాళ్ళు వేయడం, పాటలు పెట్టడం, పిట్టలు ఎగిరితే వీడియో బాగుంటుందని చప్పట్లు కొట్టడం నా కళ్ళతో చూశాను. బెదిరి లేచిన తల్లి తిరిగి వచ్చేలోగా ఆ పిల్ల ఎండలో మాడుతుంది, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. దయచేసి గట్టు మీద మాట తగ్గించండి.

ఈ సీజనులో మా అమ్మాయి కూడా వస్తోంది. పోయిన ఆదివారం ఒక తుమ్మ చెట్టు మీద గూళ్ళు లెక్కపెట్టమంటే ఇరవై మూడు అంది. నేను లెక్కపెడితే ముప్పై రెండు వచ్చాయి. తేడా తొమ్మిది. ఇద్దరం మళ్ళీ మొదటి కొమ్మ నుంచి మొదలుపెట్టాం.