రోజుకో పాకెట్ కార్టూన్

పేపర్లో రోజూ పాకెట్ కార్టూన్, అంటే ఒక్క కాలమ్‌లో ఒదిగే చిన్న కార్టూన్, వేస్తానంటే అందరూ బొమ్మ గురించే అడుగుతారు. బొమ్మకు గంట చాలు. మిగతా రోజంతా ఐడియాకే పోతుంది.

పొద్దున్నే పేపర్లన్నీ ముందేసుకుంటాను. బ్యానర్ కన్నా లోపలి పేజీల్లోని చిన్న వార్తలే నాకు పనికొస్తాయి. ఒక పేజీలో కొత్త పథకం ప్రకటన, ఇంకో పేజీలో అదే శాఖలో జీతాలు అందలేదన్న వార్త. రెండూ పక్కపక్కన పెడితే సగం పని అయినట్టే. మొదట తట్టిన ఐడియాను మాత్రం కొట్టేస్తాను. నాకంత తేలిగ్గా తట్టిందంటే మిగతా కార్టూనిస్టులకూ తట్టే ఉంటుంది.

కొత్త మంత్రి వస్తే ఇంకో టెన్షన్. ఫొటో చూసి గీస్తే పాస్‌పోర్ట్ బొమ్మలా వస్తుంది. వీడియోలు పెట్టుకుని ఆయన నడక, భుజాలు, దండం పెట్టే తీరు చూస్తాను. పోలిక అక్కడ దొరుకుతుంది. పాఠకులకు ఆ ముఖం అలవాటయ్యేదాకా కండువా మీద పేరు రాయక తప్పదు. గాంధీగారికైతే గుండ్రటి కళ్ళజోడు చాలు!

రఫ్‌లు చూసి ఎడిటర్ నవ్వితే ఓకే అయినట్టు కాదు. పడీపడీ నవ్వి, "బాగుందయ్యా, కానీ వద్దులే" అంటారు. కారణం అడగను, తెలిసిందే. అప్పుడు కార్టూనిస్టు అబు అబ్రహాం గుర్తొస్తాడు. 1975లో, ఎమర్జెన్సీ సెన్సార్ నడుస్తుండగానే, రాష్ట్రపతి స్నానాల తొట్టిలోంచే ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి ఇస్తున్నట్టు గీశాడు. ఇంకేమైనా ఉంటే కాస్త ఆగమనండి అంటాడా రాష్ట్రపతి. అది ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో అచ్చయింది. అందులో తిట్టు ఒక్కటీ లేదు. నేనూ వెనక్కి వచ్చి, అదే విషయాన్ని తిట్టు లేకుండా మళ్ళీ గీస్తాను.

అసలు చిక్కు సాయంత్రం. దూరం జిల్లాల ఎడిషన్ ముందే వెళ్ళిపోవాలి. ఒకసారి కుర్చీని కౌగిలించుకున్న మంత్రిని గీసి, "రాజీనామా ప్రసక్తే లేదు" అని బెలూన్‌లో రాసి ఇచ్చాను. చీకటి పడేసరికి ఆయన రాజీనామా చేశారు. బొమ్మ మార్చే టైం లేదు. మాట ఒక్కటే మార్చాను: "రాజీనామా చేశాను కదయ్యా, ఇది మా ఇంటి కుర్చీ!"

మర్నాడు అందరూ దాన్నే మెచ్చుకున్నారు. రోజంతా కూర్చుని ఆలోచించినవాటికి ఎప్పుడూ అన్ని ఫోన్లు రాలేదు. అది తల్చుకుంటే ఇప్పటికీ కాస్త ఒళ్ళు మండుతుంది.