జైపూర్‌లో శంకువు నీడ

ఇంటికి శంకుస్థాపన చేసిన రెండు వారాలకు, ఫిబ్రవరి నడిమధ్యలో, నేనూ మా మామయ్యా జైపూర్ వెళ్ళాం. ఆయన నలభై ఏళ్ళు తాపీ మేస్త్రీగా చేసినవాడు. హవామహల్‌ని రోడ్డు మీద నుంచే చూసి "కిటికీలు ఎక్కువయ్యాయిరా" అని తేల్చేశాడు. జంతర్ మంతర్‌లో మాత్రం మధ్యాహ్నం దాకా కదల్లేదు.

అక్కడ జైపూర్ రాజు సవాయి జైసింగ్ 18వ శతాబ్దంలో కట్టించిన నీడ గడియారం, సమ్రాట్ యంత్రం, ఎత్తు సుమారు 27 మీటర్లు. దూరానికి ఎటూ చేరని మెట్లదారిలా ఉంటుంది. త్రికోణపు గోడ, దానికి అటూ ఇటూ రెక్కల్లా వంగిన కొలబద్దలు. గోడ వాలు 27 డిగ్రీలు. జైపూర్ అక్షాంశమూ దాదాపు అంతే, అందుకే ఆ అంచు తిన్నగా ఆకాశంలో ధ్రువనక్షత్రం వైపు చూస్తుంది. నీడ సెకనుకి ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. మామయ్య ఒక గీత మీదే చూపు నిలిపాడు. "నడుస్తోందిరా!" అన్నాడు, చీమని చూసిన పిల్లాడిలా.

గైడు నీడని చదివి 11 గంటల 5 నిమిషాలన్నాడు. నా ఫోనులో 11.46.

"పాతబడి వెనకబడిందేమో," అన్నాడు మామయ్య.

అదేం కాదు. మన గడియారాలు నడిచేది మన కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. జైపూర్ దానికి పడమరన ఉంది కాబట్టి 27 నిమిషాలు వెనక. మిగతా 14 ఫిబ్రవరిలో సూర్యుడు చేసే ఆలస్యం.

మాటల్లో గైడు ఆ గోడని 'శంకు' అన్నాడు. మామయ్య నా వైపు తిరిగాడు. "మొన్న మనం చేసిందాంట్లో శంకువేనా?"

అదే. బళ్ళో శంకువంటే ఐస్‌క్రీం కోను ఆకారం. సంస్కృతంలో మొదట మేకు, గూటం. నేలని నీళ్ళు పోసి మట్టం చేసి, గూటం పాతి, చుట్టూ వలయం గీస్తారు. పొద్దున నీడ కొన వలయంలోకి వచ్చేచోట ఒక చుక్క, సాయంత్రం దాటిపోయేచోట ఇంకొకటి. రెండూ కలిపితే తూర్పు పడమరలు. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల నాటి పద్ధతి ఇది. మానసారం, మయమతం అనే వాస్తు గ్రంథాలు కూడా ఇల్లు కట్టేవాడికి ఇదే చెబుతాయి. ఖగోళం లెక్కలు కట్టేవాళ్ళు 12 అంగుళాల (ఇంచీలు కాదు, వేలి వెడల్పులు) శంకువు మధ్యాహ్నపు నీడని బట్టి ఊరి అక్షాంశం తేల్చేవారు. మనం రాయి వేసి, కొబ్బరికాయ కొట్టి, తూర్పుని ఫోనులో చూసుకున్నాం. మాటలో మాత్రం గూటం అలాగే ఉండిపోయింది.

గ్రీకులు నీడ చూసే ఈ పుల్లని 'గ్నోమన్' అన్నారు, తెలుసుకునేది అని. వడ్రంగి మూలమట్టానికీ అదే పేరు పెట్టారని చెప్పాను.

"మూలమట్టమా? అయితే వాళ్ళకి పని తెలుసు."

మర్నాడు పొద్దున లాడ్జి డాబా మీద మామయ్య చీపురుపుల్ల నిలబెట్టి, సుద్దముక్కతో వలయం గీశాడు. తొమ్మిదింటికి మొదటి చుక్క పెట్టాడు. రెండోది పడాల్సింది నాలుగు దాటాక. మా రైలు మూడింటికి.

"వాచ్‌మన్‌కి చెప్పి పోదామా?" అంటూనే పెట్టె సర్దాడు.