ఆరు పెట్టలు, రెండు ఇటుకలు, ఒక బకెట్

కోడిపెట్టల్ని తెచ్చుకున్న రోజు ఒక బేసిన్‌లో దాణా పోశాను, ఇంకో బేసిన్‌లో నీళ్లు పెట్టాను. పని అయిపోయిందనుకున్నాను. పావుగంట తర్వాత చూస్తే ఒక పెట్ట దాణా బేసిన్‌లోకే ఎక్కి రెండు కాళ్లతో వెనక్కి చిమ్ముతోంది. పక్కన నీళ్లలో నేల మీద పరిచిన ఊక, మట్టి, రెట్ట. నిండు గిన్నె ముందున్నా కాలితో కెలికి వెతుక్కుని తినడమే కోడికి ఇష్టం. దాన్ని మాన్పించలేం.

గుడ్లు పెట్టే పెట్ట రోజుకు సుమారు 100 నుంచి 120 గ్రాముల దాణా తింటుంది. ఆ లెక్కన ఆరింటికీ 700 గ్రాములు చాలాలి. నాకేమో కిలో పైనే ఖాళీ అవుతోంది. తేడా అంతా ఊకలోకి పోతోంది. అది తడిసి బూజు పడితే ఇంకా ప్రమాదం, బూజు పట్టిన దాణాలో విషం తయారవుతుంది.

మొదట 4 అంగుళాల పీవీసీ పైపును నిలువుగా కట్టి కింద ఎల్బో (వంపు ముక్క) తగిలించాను. చూడ్డానికి భలేగా ఉంది. కానీ నేను వాడేది పిండిలా ఉండే పొడి దాణా. అది పైపు మధ్యలో గడ్డకట్టి దిగేది కాదు. రోజూ పొద్దున్నే పైపును తట్టడం నా డ్యూటీ అయిపోయింది. గుళికల దాణా అయితే సాఫీగా జారుతుందని తర్వాత తెలిసింది. చివరికి అంచు లోపలికి వంగిన పళ్లెం ఉన్న డబ్బాను గొలుసుతో వేలాడదీశాను. పళ్లెం అంచు అన్నిటికన్నా పొట్టి పెట్ట వీపు ఎత్తులో ఉండేలా కొక్కెం సర్దాను. పళ్లెంలో మూడో వంతుకు మించి దాణా దిగకుండా చూశాను. వృథా దాదాపు ఆగిపోయింది. ఇంత డబ్బాకీ కిటుకు ఎత్తులోనే ఉందన్నమాట! ఒక పెట్ట మాత్రం మిగతావాటిని పొడిచి తరిమేస్తుంటే, దానికి కనపడకుండా గూటికి అవతలి వైపు రెండో డబ్బా కట్టాల్సి వచ్చింది.

నీళ్ల దగ్గర అసలు టెన్షన్ మొదలైంది. మూత ఉన్న బకెట్‌కు అంచు దగ్గర రంధ్రం చేసి, నింపి, పళ్లెంలో బోర్లించాను. చూస్తుండగానే బకెట్ మొత్తం ఖాళీ! రంధ్రం పళ్లెం అంచు కన్నా పైన పడింది. అది పళ్లెం అంచు కన్నా కిందే ఉండాలి. నీళ్లు పెరిగి రంధ్రాన్ని మూసేస్తే లోపలికి గాలి పోదు, ధార ఆగుతుంది. కోళ్లు తాగి మట్టం తగ్గితే మళ్లీ గాలి పోయి కొంచెం దిగుతాయి. రంధ్రం పైనుంటే అది మునిగేలోపే నీళ్లు అంచు దాటి పొర్లిపోతాయి.

ఇంకో బకెట్‌కు సరిగ్గా చేశాను. అయినా తెల్లారేసరికి కింద బురద. నేల ఒక పక్కకు వాలి ఉంది, పల్లం వైపు నుంచి రాత్రంతా కారింది. రెండు ఇటుకలు పరిచి, రసమట్టం పెట్టి సరిచేశాక కారడం ఆగింది. ఎత్తు పెరగడంతో ఊక పడటం కూడా తగ్గింది. తడి ఊకను తేలిగ్గా తీసుకోకూడదు, కోళ్లకు రక్త విరేచనాలు తెచ్చే పరాన్నజీవులు అందులోనే బాగా పెరుగుతాయి.

ఆ బకెట్ తెల్లగా పలచగా ఉండటంతో ఎండకు లోపల పాచి పట్టింది. ముదురు రంగు బకెట్‌కు మారి నీడలో పెట్టాను. మామూలు రోజుల్లో ఒక్కో పెట్ట పావు లీటరు దాకా తాగుతుంది, ఎండలు ముదిరితే అది రెట్టింపు కావచ్చు. అందుకే వేసవిలో ఒక్క తొట్టిని నమ్ముకోను. ఇంకో డబ్బాకు నిపుల్స్, అంటే పిన్నును పొడిస్తే నీటి చుక్క వదిలే చిన్న గొట్టాలు, బిగించాను. వేలితో పిన్నును తడితే చుక్క మెరుస్తుంది, అది చూసి పొడుస్తాయి. ఐదు పెట్టలు రెండ్రోజుల్లో నేర్చుకున్నాయి. ఆరోది ఇప్పటికీ పళ్లెంలోనే తాగుతుంది, కాబట్టి రెండూ ఉంచాను.

చీకటి పడగానే దాణా డబ్బాలు దించి రేకు డబ్బాలో మూత పెట్టేస్తాను. ఒక్క రాత్రి మర్చిపోతే చాలు, ఎలుకలు దారి కనిపెట్టేస్తాయి.

ఇప్పుడు మిగిలిన గొడవ ఒక్కటే. ఆ ఆరో పెట్టకు బోర్లించిన బకెట్ మీదే కునుకు తీయాలని ఉంటుంది. రెట్ట నేరుగా పళ్లెంలోకి. బకెట్ మీద ఏటవాలుగా ఒక రేకు కోసి పెట్టాను. నిన్న దాని మీదికి ఎగిరి, జారి, నా వైపు గుర్రుగా చూసింది.