పనసచెట్టు కింద చిన్నాన్న

మార్క్వెజ్ నవల ‘వందేళ్ల ఏకాంతం’ మూడోసారి చదువుతూ మళ్లీ అక్కడే ఆగిపోయాను. హొసే ఆర్కాదియో బుయెందియాకి మతి తప్పుతుంది. శుక్రవారం వచ్చినా ఇంకా సోమవారమే అంటాడు, ప్రయోగశాలలో సామాను పగలగొడతాడు. లొంగదీయడానికి 10 మంది, కట్టడానికి 14 మంది, పెరట్లో చెట్టుదాకా ఈడ్చడానికి 20 మంది కావాల్సివస్తారు.

ఒడిశా పర్లాకిమిడిలో మా చిన్నాన్నకి నలుగురు సరిపోయారు. చెట్టు పనసచెట్టు, తాడు బావి చేంతాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మణికట్లు ఒరుసుకుపోతున్నాయని అమ్మ పాతచీర ముక్కలు మడిచి తాడు కింద దోపేది. ఎండ పడుతోందని నాన్న తాటాకు పందిరి వేశాడు. కట్టేసినవాడే పందిరీ వేశాడన్నమాట. నవలలో కూడా ఆ ముసలాయనకి ఆకుల పందిరి వేస్తారు. మొదటిసారి అది చదివి పుస్తకం మూసేశాను. ఆ కొలంబియా మనిషికి మా పెరడు ఎలా తెలిసిందో!

ఒడియా బడిలో చదివినవాణ్ణి కాబట్టి నాకు పిచ్చివాడంటే ముందు ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల ‘ఛ మాణ ఆఠ గుంఠ’లోని భగియా గుర్తొస్తాడు. భూమి పోయింది, ఆవు పోయింది, పెళ్లాం సారియా చచ్చిపోయింది, మతి పోయింది. లెక్క స్పష్టం, దోషి ఎవరో తెలుసు. మార్క్వెజ్ ఆ సౌకర్యం ఇవ్వడు. ఆ ఇంట్లో చెట్టుకి కట్టింది ఒక్కణ్ణే గానీ, మిగతావాళ్లు మాత్రం? కల్నల్ అవురెలియానో బంగారు చేపలు చేస్తాడు, కరిగిస్తాడు, మళ్లీ చేస్తాడు. రెబెకా మట్టి తింటుంది. అమరాంటా పగలు నేసిన తన శవవస్త్రాన్ని రాత్రి విప్పేస్తుంది. వీళ్లెవరికీ తాడు లేదు. సామాను పగలగొట్టలేదుగా.

మా నాన్నమ్మ తోమిన ఇత్తడి బిందెనే రోజుకి ఆరుసార్లు తోమేది. దాన్ని మడి అనేవాళ్లం.

చిన్నాన్న కొండమీద సవర పల్లెలో మాస్టారు. కట్టేశాక తెలుగు మానేశాడు, ఒడియా కూడా మాట్లాడలేదు. ఏదో గొణిగేవాడు, గట్టిగా అరిచేవాడు. గాలి సోకిందన్నారు, ఇంకెవరో చేతబడన్నారు. నవలలో ఆ ముసలాయన వాగుడు లాటిన్ అని ఊరికొచ్చిన పాదిరీ కనిపెడతాడు. మాకు ఆ పాదిరీ చీపుళ్లమ్మే సవర ఆవిడ. సంతరోజు పెరటి గుమ్మం దగ్గర చీపుళ్ల కట్ట దించి, కాసేపు విని, వాళ్ల భాషలో ఏదో జవాబిచ్చింది. చిన్నాన్న నోరు మూశాడు. నాన్న పరుగెత్తుకొచ్చి ఏమంటున్నాడని అడిగాడు.

“పిల్లలు తడిసిపోతన్నారంట బాబూ. బడి తాళం తియ్యమంతన్నాడు.”

వేసవి నడిమధ్య అది. వానెక్కడ!

గిడుగు రామమూర్తి గారు ఈ ఊళ్లోనే ఉండి సవర నేర్చుకున్నారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆ మాట సభల్లో గర్వంగా చెప్పుకునే ఊరు మాది. మా ఇంట్లో మాత్రం అది ఏ భాషో పోల్చుకున్నవాడు ఒక్కడు లేడు. ఆయన కొండల్లో మాస్టారని అందరికీ తెలిసి కూడా.

ఆ సాయంత్రం చేతులు విప్పారు, నడుం తాడు ఉంచారు. తర్వాతి వారం బరంపురం తీసుకెళ్లి డాక్టరుకి చూపించారు. మందులు పనిచేశాయి. బడికి మళ్లీ వెళ్లలేదుగానీ, బజారు సరుకులు తెచ్చేవాడు, మాకు లెక్కలు చెప్పేవాడు. అప్పుడు తాడు వేయడం ఊళ్లో ఎవరికీ తప్పుగా కనబడలేదు. గొలుసులతో కట్టడాన్ని నిషేధించిన మానసిక ఆరోగ్య చట్టం 2017లో వచ్చింది.

ఒక్క చోట మార్క్వెజ్‌తో నాకు కుదరదు. ఆ ముసలాయన్ని గదిలోకి తెచ్చి పడుకోబెట్టినా, అలవాటు కొద్దీ మళ్లీ చెట్టు కిందికే పోతాడు. చదవడానికి అందంగా ఉంటుంది. మా చిన్నాన్న ఆ తర్వాత పెరట్లోకి అడుగుపెట్టలేదు. స్నానానికి కూడా వీధి కుళాయి దగ్గరికి పోయేవాడు. ఇంట్లో పనసపొట్టు కూర వండిన రోజు మజ్జిగన్నం తిని లేచేవాడు.